రైలు గేటు దాటడానికి సూడోకోడ్

నలుగురు చుట్టాలు చేరితే చాలు, యాప్రాల్‌లో ఉండే మా అక్క నా కథ ఒకటి షురూ చేస్తుంది. "మా చెల్లె స్కూల్ల ఉన్నప్పుడు రైలు గేటు కాడ కంప్యూటర్ సారును అందరి ముంగట ఎక్కిరించింది. ఆయనకు కోపమొచ్చి పరీక్షల సున్నా ఏసిండు" అంటుంది. అందరూ విరగబడి నవ్వుతారు. శుద్ధ అబద్ధం! సున్నా ముందు పడింది, గేటు సంగతి తర్వాత జరిగింది. ఆ రెండింటినీ తారుమారు చేస్తే నేరం నాదవుతుంది, కోపం ఆయన హక్కవుతుంది. ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చడమే సూడోకోడ్ అంటే. ఆ చదువు లేకుండానే మా అక్క ఇంత హాయిగా బతికేస్తోంది.

ఆ రోజుల్లో అల్వాల్‌లో మా బడికి కొత్తగా కంప్యూటర్లు వచ్చాయి. హెడ్మాస్టరు గదిలో ఫ్యాను కిర్రుమంటూ ఏడుస్తుంటే, వాటికి మాత్రం ఏసీ గది, పూల పూల గుడ్డ ముసుగులు! దుమ్ము పడుతుందని చెప్పులు, బూట్లు బయటే విప్పాలి. పరీక్షలో సూడోకోడ్ సరిగ్గా రాసినవాళ్ళకే లోపలికి ప్రవేశం. సూడోకోడ్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు, కంప్యూటరుతో చేయించాల్సిన పనిని ముందుగా మామూలు మాటల్లో మెట్లు మెట్లుగా రాసుకోవడం. అది రాయలేనివాళ్ళు బయట కూర్చుని లోపలివాళ్ళ చెప్పులకు కాపలా కాయాలి. (ఈ నియమం పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన చెప్పులు ఎన్నడూ పోకూడదని నా దీవెన.) ఆ ముసుగు తీసి ఒక్కసారి నా పేరు టైపు చేసుకుంటే చాలనుకునేదాన్ని. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు.

పాఠం చెప్పేది లెక్కల సారే. వేసవి సెలవుల్లో ఎక్కడో ట్రైనింగుకు పంపారట, తిరిగొచ్చేసరికి కంప్యూటర్ సార్ అయిపోయాడు. చంకలో ఎప్పుడూ గైడు ఉండేది కాబట్టి మేము గైడు సార్ అనేవాళ్ళం. పరీక్షలో రైలు గేటు దాటడానికి సూడోకోడ్ రాయమన్నారు. అంతకుముందు క్లాసులో ఆయన బోర్డు మీద రాసిచ్చిన జవాబు (ఇంగ్లీషులోదే, మీకోసం తెలుగులో చెబుతున్నాను) ఇదీ: మొదలుపెట్టు, గేటు మూసి ఉందేమో చూడు, మూసి ఉంటే ఆగు, పట్టాలు దాటు, ముగించు. క్లాసు క్లాసంతా కళ్ళు మూసుకుని అదే దించింది. నేను రోజూ ఆ గేటు దాటి బడికొచ్చేదాన్ని. ఆగిన మనిషి గేటు తెరుచుకుందో లేదో మళ్ళీ చూసుకోవాలా, వద్దా? అందుకని "ఆగు" తర్వాత "మళ్ళీ రెండో మెట్టుకు వెళ్ళు" అని ఒక్క ముక్క ఎక్కువ రాశాను. ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఇచ్చాడు. నేను ఊరుకునే రకం కాదని అప్పటికే బడిలో అందరికీ తెలుసు.

"నాదేం తప్పు సార్?"

"గైడుల అయిదు స్టెప్పులున్నయ్, నువ్వు ఆరు రాసినవ్."

"మీ మనిషి జెరసేపు ఆగి, గేటు తీయకముందే పోతడు సార్. రైలొస్తే?"

"రైలొస్తే ఎట్ల పోతడు? మనిషికి ఆ మాత్రం అకల్ ఉండదా?"

"మనిషికుంటది సార్. కంప్యూటర్‌కు ఉండదని మీరే చెప్పిన్రు గదా!"

"నీకు సుత ఉన్నట్టు లేదు. పోయి కూసో."

కూర్చున్నాను. ఆ సాయంత్రమే గేటు పడి ఉంటే, పుస్తకాల సంచీతో నేనూ జనంలో నిలబడ్డాను. గైడు సార్ స్కూటర్ మీద వచ్చాడు. గేటు చూశాడు. ఆగాడు. ఆ తర్వాత స్కూటర్‌ను పక్కకు వంచి, తానూ వంగి, గేటు కింది నుంచి దూరి, పట్టాలు దాటేశాడు! నా కళ్ళ ముందు ఆయన జవాబు అక్షరం పొల్లు పోకుండా నడిచి వెళ్ళింది. "సార్! మీ జవాబు కరెక్టే సార్! గైడుల ఉన్నట్టే దాటిన్రు!" అని గొంతు చించుకుని అరిచాను. ఆగి ఉన్న బస్సులోవాళ్ళు కూడా తలలు బయటపెట్టి నవ్వారు. ఇందులో ఎక్కిరింత ఎక్కడుంది, మీరే చెప్పండి? ఆయన మాటను ఒప్పుకున్నాను, అంతే కదా!

మర్నాడు మా నాయినను బడికి పిలిపించారు. రెజిమెంటల్ బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం ఆయనది, గిరాకీ వేళకు షట్టర్ దించి రావడంతో అప్పటికే పరేషాన్‌లో ఉన్నాడు.

"సారుతోని పంచాయితీ ఏందే నీకు? జెర నోరు మూసుకోరాదు?"

"నాయినా, ఆయన రాసినట్టు పోతే ఆ మనిషి రైలు కింద పడ్తడు!"

"ఆ మనిషి సంగతి ఆయన సూసుకుంటడు. నువ్వు మాఫీ అడుగు."

అడగలేదు. ఏడాది పొడుగునా చెప్పుల కాపలా రాసిపెట్టారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఏసీ చల్లగాలి ఒక్క క్షణం మొహానికి కొట్టేది, అంతవరకే నా కంప్యూటర్ విద్య. అట్లా కూర్చుని ఉండగా ఒకరోజు పక్క గదిలోంచి ఎనిమిదో తరగతికి పాఠం చెబుతున్న గైడు సార్ గొంతు వినపడింది. "రాసుకోండ్రి. మూసి ఉంటే ఆగు. మళ్ళ రెండో స్టెప్పుకు పో. ఇది రాయకుంటే మార్కులుండయ్, గైడుల తప్పు పడ్డది."

లేచి నిలబడ్డాను. గంట కొట్టగానే ఆయన బయటికొచ్చి, నన్ను చూసి క్షణం ఆగాడు. నువ్వు రాసిందే కరెక్టని ఇప్పుడు అంటాడు, ఇప్పుడే అంటాడు అని ఎదురుచూశాను. "చెప్పులు జాగ్రత్త" అని వెళ్ళిపోయాడు.

తర్వాత కాలేజీ చదివాను, ఆఫీసులో చేరాను, రోజంతా కంప్యూటరుతోనే కుస్తీ పట్టాను. ఏ కొత్త కంప్యూటరిచ్చినా ముందు నా పేరే టైపు చేసుకుంటాను, నన్నెవరూ కుర్చీలోంచి లేపెయ్యకముందే అన్నంత తొందరగా. ఈ వయసులో ఇదేం పిచ్చి అని నవ్వొస్తుంది. ఆ నవ్వు వెనకే మంటా వస్తుంది. సార్, నా జవాబు మీకు అర్థం కాక సున్నా వేశారనుకుంటే, పోనీలే అని ఎప్పుడో వదిలేసేదాన్ని. అర్థమయ్యాక, నన్ను చూసి ఆగాక కూడా, ఆ తలుపు తీసి "నువ్వు సుత లోపలికి పో" అనడానికి మీకేం అడ్డొచ్చింది?