కాలేజీ పేరు, మార్కుల శాతం, ఒక ల్యాబ్ ఉద్యోగం

కోవిడ్ తగ్గుముఖం పట్టిన మరుసటి వేసవిలో నన్ను విశాఖపట్నం నుంచి రాజోలు వైపున్న మా కంపెనీ రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటుకు క్వాలిటీ మేనేజరుగా బదిలీ చేశారు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. చెరువుల నుంచి వచ్చిన రొయ్యకు తల తీసి, శుభ్రం చేసి, గడ్డకట్టించి, కంటైనర్లలో విదేశాలకు పంపడం ఆ ప్లాంటు పని. ఆ సరుకులో హానికరమైన సూక్ష్మజీవులు గాని, చెరువులో వాడిన యాంటీబయాటిక్ మందుల అవశేషాలు గాని లేవని తేల్చి సంతకం పెట్టడం మా ల్యాబ్ పని. ఆ సంతకం తప్పయితే కంటైనరు అవతలి రేవు నుంచి వెనక్కి వస్తుంది. ఒక్కసారి వచ్చిందంటే ఆ కొనుగోలుదారు మన ప్రతి పెట్టెనూ అనుమానంగానే తెరుస్తాడు.

నేను చేరేనాటికి జూనియర్ మైక్రోబయాలజిస్టు పోస్టు ఖాళీగా ఉంది. చెరువుల దగ్గరికి వెళ్లి నమూనాలు తెచ్చేవాణ్ని శాంప్లర్ అంటారు. అది కాంట్రాక్టు ఉద్యోగం, డిగ్రీ చాలు. ఆ నమూనాను పరీక్షించేది జూనియర్, దానికి ఎమ్మెస్సీ కావాలి. ఫలితాన్ని సీనియర్ సరిచూస్తే చివరి సంతకం మేనేజరుది. జూనియర్ పోస్టుకు వచ్చిన దరఖాస్తులను హైదరాబాదు హెడ్డాఫీసులో వడపోస్తారు. వాళ్లు పంపిన పేర్లనే మేము ఇంటర్వ్యూకు పిలవాలి. ఆ ఏడాది వాళ్ల నియమం ఒక్కటే: పేరున్న యూనివర్సిటీల్లో చదివినవాళ్లు తప్ప మిగతావాళ్లు వద్దు.

ఒక సోమవారం ఉదయం గేటు నుంచి సెక్యూరిటీ అతను ఫోన్ చేశాడు. ఎవరో అమ్మాయి వచ్చిందనీ, నన్ను కలవకుండా వెళ్లనంటోందనీ చెప్పాడు. పంపమన్నాను. ఆ అమ్మాయి పేరు సువార్త. ఊరు రాజోలు దగ్గరే. తండ్రి రిటైరైన తెలుగు మేష్టారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మేడమ్ గారండీ, నేను అప్లికేషన్ పెట్టేనండి. పిలుపు రాలేదు. నా మార్కులు చూసి వద్దనుకున్నారా, అసలు చూడనే లేదా? అదొక్కటి చెప్పండి, వెళ్లిపోతాను."

హెడ్డాఫీసు వ్యవహారం అని తప్పించుకోవచ్చు. నిజమే చెప్పాను. "చూడలేదమ్మా. కాలేజీ పేరు దగ్గరే ఆగిపోయింది."

ఆమె అమలాపురంలో చదివింది. యూనివర్సిటీ మొత్తానికి ఫస్టు వచ్చింది. హైదరాబాదులో పెద్ద యూనివర్సిటీలో సీటు వచ్చినా, ఆ ఏడాదే తల్లికి డయాలసిస్ మొదలవడంతో ఇల్లు కదల్లేకపోయింది. ఇవన్నీ నేను గుచ్చిగుచ్చి అడిగితే చెప్పినవి. తనంతట తాను అడిగింది ఒక్కటే: "అయితే పరీక్ష పెట్టండి. తప్పితే మళ్లీ ఈ గేటు తొక్కను."

ఆ మధ్యాహ్నమే హెచ్.ఆర్. అధికారికి ఫోన్ చేశాను. ఆయన పాతకాలపు మనిషి, మర్యాదస్తుడు. వందల దరఖాస్తులు వస్తాయనీ, ఏదో ఒక జల్లెడ లేకపోతే పని సాగదనీ అన్నారు. పెద్ద యూనివర్సిటీలో సీటు రావడమే ఒక పరీక్ష నెగ్గడమనీ, చిన్న కాలేజీల్లో మార్కులు ధారాళంగా వేస్తారనీ వివరించారు. అందులో నిజం లేదని నేననలేదు. ఒక్క పేరు చేర్చమన్నాను. వచ్చినవాళ్లందరికీ ఒకే ప్రాక్టికల్ టెస్టు పెడతానన్నాను. సరేనన్నారు.

ప్లాంటు రాజోలు దగ్గరని తెలిశాక జాబితాలోని వాళ్లలో చాలామంది రానేలేదు. సువార్త కాక వచ్చినవాడు ఒక్కడే, వీరబాబు. చూస్తే అతనిదీ ఈ సీమే. అంతర్వేది వైపు సముద్రం మీద వేటకు వెళ్లే కుటుంబం. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి, ఎంట్రన్సు రాసి, హైదరాబాదులో మంచి పేరున్న యూనివర్సిటీలో చేరాడు. మార్కులు మాత్రం అత్తెసరు. ఎందుకలా అని మా ప్లాంటు జనరల్ మేనేజరు గారు అడిగితే తల దించుకోకుండానే చెప్పాడు.

"మొదటి ఏడాది క్లాసులో ఇంగ్లీషు అందేది కాదండి. ల్యాబ్‌లో చేసేది మాత్రం కళ్లకి కనబడేది కదండీ. అందుకని ల్యాబ్‌లోనే ఉండిపోయేవాణ్ణి."

టెస్టులో రెండు భాగాలున్నాయి. మొదటిది, రొయ్య నమూనాను పలుచన చేసి ప్లేట్లలో పోసి, పెరిగిన సూక్ష్మజీవుల కాలనీలను లెక్కగట్టడం. ఇద్దరూ బాగా చేశారు. సువార్త చేసిన లెక్క, రాసిన నివేదిక నేను దిద్దాల్సిన అవసరం లేకుండా ఉన్నాయి. రెండోది, యాంటీబయాటిక్ అవశేషాన్ని రంగు మార్పును బట్టి కొలిచే ఎలీసా పరీక్ష. వీరబాబు ఆ యంత్రం ముందు ఇంట్లో మనిషిలా కూర్చున్నాడు. సువార్త దాని ముందు నిలబడి, "దీన్ని పుస్తకంలో బొమ్మగానే చూసేనండి. సూత్రం రాయమంటే రాస్తాను. చెయ్యి పెట్టడం రాదు" అంది.

ఉద్యోగం వీరబాబుకిచ్చాం. ఆ రోజు ఆ పనికి తగినవాడు అతనే. ఆ నిర్ణయం మీద నాకు అప్పుడూ సందేహం లేదు, ఇప్పుడూ లేదు.

ఆ మాట సువార్తకు నేనే చెప్పాను. ఏడుస్తుందేమోననుకున్నాను. తనలో ఏం తక్కువైందని అడిగింది. చదువు తక్కువ కాలేదనీ, చెయ్యి తిరగలేదనీ అన్నాను. "శాంప్లర్ కావాలని గేటు దగ్గర బోర్డు పెట్టేరు కదండీ. అందులో వేసుకోండి" అంది.

మర్నాడు వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. "ఎమ్మెస్సీ ఫస్టొచ్చిన పిల్లండీ. బూట్లేసుకుని చెరువుగట్ల మీద తిరగడమేంటమ్మా? మీరైనా చెప్పకూడదా?" అన్నారు. చెప్పి చూశానన్నాను. "ఆయ్, మా మాటా వినలేదండి" అని పెట్టేశారు.

సువార్త తెల్లవారుతూనే చెరువులకు వెళ్లి ఐసు పెట్టెలో నమూనాలు తెచ్చేది. షిఫ్టు దిగాక ఇంటికి పోకుండా ల్యాబ్‌కు వచ్చేది. గడువు దాటిన ఎలీసా కిట్లను పారేయకుండా ఆమె సాధన కోసం అట్టేపెట్టమన్నాను. నేర్పింది వీరబాబు. నేను పురమాయించలేదు, అతనే మొదలుపెట్టాడు. బదులుగా ఆమె అతని ఇంగ్లీషు నివేదికలు దిద్దేది. ఒకరినొకరు "గారు" అనే పిలుచుకునేవారు. పని దగ్గర మాత్రం మొహమాటం లేదు. ద్రవం కొలిచి పోసే పిపెట్ వంచి పట్టుకుంటే అతను చెయ్యి ఆపించేవాడు. వాక్యం తప్పు రాస్తే ఆమె మళ్లీ రాయించేది. కొన్ని నెలలు గడిచాక, ఏ రీడింగు ఎవరిదో నేను పోల్చుకోలేకపోయేదాన్ని.

మరుసటి ఏడాది హెడ్డాఫీసులో ఆ పెద్దాయన రిటైరై కొత్త అధికారి వచ్చారు. చురుకైన యువకుడు. యూనివర్సిటీ పేరు చూడటం అన్యాయమనీ, మార్కులు అబద్ధం చెప్పవనీ ఆయన నమ్మకం. ఎమ్మెస్సీలో డెబ్బై శాతం లేనివాళ్లు ల్యాబ్‌లో ఉండకూడదని ఉత్తర్వు వేశారు. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకూ అదే వర్తిస్తుందన్నారు. ప్రొబేషన్ అంటే మొదటి సంవత్సరం. అది ముగిశాక విభాగం అధిపతి సిఫారసు మీద ఉద్యోగం ఖాయం చేస్తారు. వీరబాబుది సరిగ్గా అప్పుడే ముగుస్తోంది.

ఆయనే నాకు ఫోన్ చేశారు. "మీ దగ్గర యూనివర్సిటీ ఫస్టు వచ్చిన అమ్మాయి శాంప్లర్‌గా ఉందట కదా మేడమ్. అతన్ని పంపించి ఆమెను ఆ పోస్టులో వేయండి. ఆమెకు న్యాయం జరుగుతుంది."

సువార్తను పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. తెలుసుకునే హక్కు ఆమెకుంది.

"ఆ ఉద్యోగం నాకు కావాలండి. అక్కర్లేదని అబద్ధం ఆడను. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ నా ధ్యాస దాని మీదే" అంది. "కానీ కాలేజీ పేరు చూసి నన్ను ఆపినప్పుడు పరీక్ష పెట్టమని అడిగేను కదండీ. ఇప్పుడు మార్కులు చూసి అతన్ని తీసేస్తుంటే అడక్కుండా ఎలా కూర్చుంటాను? మళ్లీ ఇద్దరికీ పెట్టండి. అతను ఓడిపోతే ఆ కుర్చీలో నిక్షేపంగా కూర్చుంటాను" అంది.

వీరబాబును తొలగించే కాగితం మీద సంతకం పెట్టనని నేను అధికారికి చెప్పాను. లోపలికి రావడానికి పెట్టిన నియమాన్ని ఏడాది పనిచేసినవాడి మీద వాడకూడదన్నాను. రిటైరయ్యాక పొడిగింపు కోసం నేను పెట్టుకున్న అర్జీ తన బల్ల మీదే ఉందని ఆయన గుర్తుచేశారు. గుర్తుందన్నాను. మీరే స్వయంగా వచ్చి, మీ ఎదుట ఇద్దరికీ టెస్టు పెట్టించండని కోరాను. వచ్చారు.

గుర్తింపు పొందిన బయటి ల్యాబ్ నుంచి నమూనాలు తెప్పించాం. వాటి మీద నంబర్లే ఉంటాయి. అసలు విలువలు సీలు వేసిన కవరులో ఉంటాయి. ఆయన స్టూలు వేసుకుని ఇద్దరి మధ్యా కూర్చున్నారు. ఎలీసా సగంలో ఉండగా కరెంటు పోయింది. జనరేటరు అందుకోవడం ఆలస్యమైంది. ఆయనకు ఆ సాయంత్రం నరసాపురంలో రైలుంది. వాచీ చూసుకుని, వచ్చిన రీడింగులతోనే ఫలితం ఇచ్చేయమన్నారు.

వీరబాబు చేతులు వెనక్కి తీసుకున్నాడు. "కరెంటు లేక నమూనా పెట్టిన చోట వేడి తగ్గిపోయిందండి. ఆ రీడింగు పనికిరాదు. మళ్లీ చెయ్యాలి."

అది అతని ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలే రోజు. ఎదురుగా ఉన్నది తేల్చే మనిషి.

అధికారి సువార్త వైపు తిరిగి, "మీరు?" అన్నారు.

"నాదీ పోయిందండి. మొదటి నుంచీ చెయ్యాల్సిందే."

"నా రైలు వెళ్లిపోతుంది."

"ఆయ్, వెళ్లిపోద్దండి" అంది సువార్త, పాత ప్లేటు పారేస్తూ.

మిగిలింది ఒక్కటే కిట్. ఇద్దరూ దాన్ని చెరిసగం పంచుకుని మళ్లీ మొదలుపెట్టారు. రైలు వెళ్లిపోయింది. అధికారి మా గెస్ట్‌హౌస్‌లో ఉండిపోయారు. మర్నాడు ఉదయం కవరు ఆయనే చించారు. ఇద్దరివీ అనుమతించిన హద్దుల్లోనే ఉన్నాయి. ఒక నమూనాలో ఆమె అసలు విలువకు ఎక్కువ దగ్గరగా వచ్చింది, ఇంకోదాంట్లో అతను. కాగితాలు రెండూ చాలాసేపు చూసి, ఎవరిది ఏదో మళ్లీ చెప్పమన్నారాయన.

వీరబాబుకు ఉద్యోగం ఖాయమైంది. మా ప్లాంటులో రెండో పోస్టు మంజూరు కాలేదు. భీమవరం యూనిట్‌లో ఖాళీ ఉంటే సువార్తను అక్కడ జూనియర్‌గా వేశారు. కొత్తగా చేరినవాళ్లకిచ్చే జీతమే ఇచ్చారు, శాంప్లర్‌గా చేసిన కాలాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆమె అడిగింది, వాళ్లు కాదన్నారు, అయినా వెళ్లి చేరింది. ఇప్పుడు అక్కడ సీనియర్. డెబ్బై శాతం నియమం దరఖాస్తులకు మాత్రం కొనసాగింది. నా పొడిగింపు రాలేదు. గడువు నాటికి రిటైరై సొంతూరు కొత్తపేట వచ్చేశాను.

పేరు ముఖ్యమా, మార్కులు ముఖ్యమా అని ఇక్కడి పిల్లలూ, తల్లిదండ్రులూ నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. నేను చూసినంతలో, యూనివర్సిటీ పేరు ఆ మనిషికి ఏ పరికరాలు అందుబాటులో ఉండేవో చెబుతుంది. మార్కులు అందుబాటులో ఉన్నదాన్ని ఎంత శ్రద్ధగా చదివారో చెబుతాయి. రెండూ ఉద్యోగం ఇచ్చేవాడికి పనికొచ్చే సమాచారమే. ఏ సంస్థ ఏ ఏడాది దేన్ని చూస్తుందో చదువుకునేవాడి చేతిలో లేదు, అక్కడ కూర్చున్న అధికారిని బట్టి మారుతుంది. అందుకని పేరు లేని కాలేజీలో చదివేవాళ్లు బయట ఎక్కడైనా యంత్రం మీద చెయ్యి తిప్పుకోవాలి. పేరున్నచోట చదివేవాళ్లు మార్కులు జారనివ్వకూడదు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు మాత్రం, జల్లెడ ఏదైనా పెట్టుకోండి, ఒక పూట కేటాయించి అభ్యర్థి చేత పని చేయించి చూడండి. చెడిపోయిన రీడింగును ఏం చేస్తారన్నది ఏ సర్టిఫికెట్టు మీదా ఉండదు.