మెట్ల మీద ముగ్గు గీత

మొన్న సాయంత్రం అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఒక దగ్గు వినిపించింది. పొడిగా, బాతు అరిచినట్టు మొదలై, చివర్లో డోకు వచ్చినట్టు ఆగిపోయే దగ్గు. తిరిగి చూడకముందే అది మనిషి దగ్గు కాదని తెలిసిపోయింది. గుడ్డసంచిలో కుక్కపిల్లను పెట్టుకున్న ఒక అమ్మాయి, పక్కన ఆమె స్నేహితురాలు గోడవారగా ఆగిపోయి ఉన్నారు. ఇన్నేళ్లయినా ఆ దగ్గు వింటే నా అరచేతులకు చెమట పడుతుంది. వెంటనే రత్నకుమారి గారి గొంతు గుర్తొస్తుంది. "ముట్టుకోకు. ముందు విను."

రత్నకుమారి గారు పశువుల డాక్టరు. పంజాగుట్టలో మెయిన్ రోడ్డు వెనక సందులో ఆవిడ ఇంటి పైవాటాలో మేం అద్దెకుండేవాళ్లం. కింద ముందుగదే ఆవిడ క్లినిక్. అమీర్‌పేట గోడలన్నీ కంప్యూటర్ కోర్సుల పోస్టర్లతో నిండిపోయిన రోజులవి. నేనూ అందరిలాగే పొద్దున్నే జావా క్లాసుకు వెళ్లి, అర్థమైనట్టు తలూపి వచ్చేదాన్ని. కొత్తగా ఉద్యోగాలొచ్చిన కుర్రాళ్లు తొలి జీతంతో కొందరు బైకులు కొంటే కొందరు కుక్కపిల్లల్ని కొనేవారు. ఆ కుక్కపిల్లలన్నీ ఆవిడ దగ్గరికే వచ్చేవి. వాటికి సూదులు, వాళ్లకు తిట్లు.

ఆవిడ పద్ధతి విచిత్రంగా ఉండేది. దగ్గే కుక్కను గేటు లోపలికి రానిచ్చేవారు కాదు. అది ఆటోలోనే ఉండాలి. లోపల టీకాలకు వచ్చిన పిల్లలన్నిటినీ చూసి పంపాకే, ఆవిడ సంచీ పట్టుకుని ఆటో దగ్గరికి వెళ్లేవారు. తిరిగొచ్చి కోటు విప్పి పెరట్లో బకెట్లో ముంచి, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకున్నాక గానీ గడప దాటేవారు కాదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి చూసిన కుక్క విషయంలోనైనా అంతే. మా అమ్మ నవ్వేది. "ఏంటి డాక్టరు గారూ, మా అత్తగారి మడి కూడా మీ ముందు బలాదూరే!"

"మీ మడి దేవుడి కోసమమ్మా. నాది కుక్కపిల్లల కోసం," అనేవారు ఆవిడ, నవ్వకుండా.

మా ఇంట్లో బన్ను అని ఒక తెల్ల పామరేనియన్ ఉండేది. కాకినాడలో పెళ్లికి వెళ్తూ దాన్ని బోరబండ వైపు, ఊరెళ్లేవాళ్ల కుక్కల్ని డబ్బులకు ఉంచుకునే ఒక ఇంట్లో వదిలాం. టీకా వేయించే వాయిదా దాటిపోయిందని, ముందు వేయించి వెళ్లమని డాక్టరు గారు చెప్పారు. వచ్చాక వేయిద్దాంలే అన్నారు నాన్న. పెళ్లి నుంచి వచ్చాం, బన్నునూ తెచ్చుకున్నాం. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అది మెడ చాచి దగ్గడం మొదలుపెట్టింది. ఆ రోజు ఇంట్లో చేపల పులుసు. ఇంకేముంది, ముల్లు గుచ్చుకుందని అమ్మ తేల్చేసింది. మా వైపు ఎవరికి ముల్లు గుచ్చుకున్నా ఒకటే వైద్యం, పొడి అన్నం ముద్ద మింగించడం. అమ్మ ముద్ద చుట్టి, బన్ను నోరు తెరిచి లోపలికి నెట్టింది. దగ్గు ఆగలేదు. ఇంకో ముద్ద. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి, నాకూ తిరిగాయి.

కింద నుంచి పెద్ద అరుపు వినిపించింది. "ఆపండి! ఇంకొక్క మెతుకు పెట్టారంటే ఊరుకోను!"

దగ్గు వింటూనే ఆవిడకు సంగతి అర్థమైపోయింది. పైకి వచ్చి బన్ను గొంతు మీద రెండు వేళ్లతో మెల్లగా నొక్కారు. వెంటనే అదే బాతు దగ్గు. "ముల్లూ లేదు, గిల్లూ లేదు. పది కుక్కలు ఒక గదిలో ఉన్నచోట అంటుకునే జబ్బిది. ఒకటి దగ్గితే గాలిలో పక్కదానికి పోతుంది. నీళ్ల గిన్నెలో పోతుంది, మన చేతుల మీద కూడా పోతుంది. చాలావాటికి దానంతటదే తగ్గుతుంది. కానీ ఊపిరితిత్తుల్లోకి దిగితే కష్టం. మీరు కుక్కిన అన్నం అటు పోకుండా ఉంటే చాలు." మెడపట్టీ ఆవిడే విప్పేశారు. తరువాత గొంతు తగ్గించి, ఇంతకంటే చెడ్డ జబ్బొకటి కూడా ఇలాగే దగ్గుతో మొదలవుతుందని, ఏదన్నదీ కళ్లను, ముక్కును చూస్తూ ఉంటే గానీ తెలియదని చెప్పారు.

అప్పుడావిడ మా అమ్మను ముగ్గు డబ్బా తెమ్మన్నారు. మేడమెట్ల మధ్యలో అడ్డంగా ఒక గీత గీయించారు. బన్ను ఆ గీత దాటి కిందికి రాకూడదు. మేం పైన తొడుక్కునే చెప్పులు గీత దగ్గర వదిలి, కింద ఇంకో జత వేసుకోవాలి. కింద క్లినిక్‌లోకి రోజూ పసికూనలు వస్తాయి. గేటు బయట సందులో కుక్కలున్నాయి. ముగ్గు అంటే గుమ్మం ముందు వచ్చేవాళ్లను పిలవడానికే వేస్తామనుకునేదాన్ని. వచ్చేదాన్ని ఆపడానికి వేసిన ముగ్గును అప్పుడే చూశాను.

సందు మొదట్లో ఇస్త్రీ బండి యాదగిరిది. వీధికుక్కలకు రొట్టెలు పెట్టేది అతనే. సంగతి తెలిసి గేటు దగ్గరికి వచ్చాడు.

"డాక్టరమ్మా, గా దగ్గు మనుషులకు సుత అంటుతదా? మా ఇంట్ల చిన్న పిల్లలున్నరు. గీ గల్లీ కుక్కలన్నీ నా బండి కిందనే పంటయ్."

"మనుషులకు రావడం చాలా అరుదు, యాదగిరీ. నీ కుక్కలకు మాత్రం ఊరికే అంటుకుంటుంది. వాటిని ఈ గేటు వైపు రానివ్వకు."

"ఫికర్ చెయ్యకున్రి. ఒక్కదాన్ని సుత రానియ్య," అన్నాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు.

బన్నుకు తగ్గలేదు. జ్వరం వచ్చింది. తిండి మానేసింది. పొట్ట ఎగరేస్తూ ఊపిరి తీసేది. ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నారు డాక్టరు గారు. అన్నం ముద్దల మాట మళ్లీ ఎత్తలేదు, అమ్మ ముఖం చూసి ఊరుకున్నారేమో. సాయంత్రం అన్ని కుక్కల్నీ చూశాక, ఆఖరున గీత దగ్గర చెప్పులు మార్చుకుని పైకి వచ్చేవారు. ఇంజెక్షన్ చేసి, బాత్రూమ్‌లో వేడినీళ్ల ఆవిరి పట్టించి, అరచేతిని దోసిలిలా వంచి దాని పక్కటెముకల మీద ఎలా తట్టాలో నాకు నేర్పించారు. నిద్రపోతున్నప్పుడు డొక్క మీద చెయ్యి వేసి ఊపిరి చూడమన్నారు. నేను క్లాసులు మానేసి అదే పనిలో పడ్డాను. చెయ్యి తీస్తే ఆగిపోతుందేమోనని భయం.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "బతుకుతుందా, డాక్టరు గారూ?"

"తెలియదు."

"మీకు భయం వెయ్యదా?"

"ఎందుకెయ్యదు? ఈ దగ్గు విన్నప్పుడల్లా వేస్తుంది. భయం లేని డాక్టరు దగ్గరికి నీ కుక్కను ఎప్పుడూ తీసుకెళ్లకు. చేతులు కడుక్కోడు."

ఆ తరువాత ఒక ఉదయం లేచి బన్ను మీద చెయ్యి వేశాను. ఎగిరెగిరిపడే డొక్కలు కదలడం లేదనిపించింది. పిలిస్తే కళ్లు తెరవలేదు. నేను పెట్టిన కేక సందంతా వినిపించి ఉంటుంది. రత్నకుమారి గారు పరుగెత్తుకుంటూ వచ్చారు. తలకు నూనె, వట్టికాళ్లు, క్లినిక్ కోసం వేసుకున్న ఉతికిన కోటు. గీత చూసుకోలేదు. ముగ్గు తొక్కుకుంటూ వచ్చి నేల మీద కూలబడి, బన్నును ఒళ్లోకి లాక్కుని చెవి ఆనించారు. చాలాసేపు అలాగే ఉన్నారు. ఆవిడ పెదవులు కదులుతున్నాయి.

"నిద్రే," అన్నారు చివరికి. "ఒట్టి నిద్ర. ఇన్నాళ్లకు హాయిగా నిద్రపోతోంది, పిచ్చిదానా." జ్వరం దిగిపోయింది.

ఏడుస్తూ నవ్వుతున్న మమ్మల్ని వదిలి ఆవిడ లేచారు. మెట్ల మీద చెదిరిన ముగ్గును, పిండి అంటిన తన పాదాలను, కోటుకు అంటిన తెల్లవెంట్రుకలను చూసుకున్నారు. కింద గేటు దగ్గర అప్పటికే ఎవరో బుట్టలో కుక్కపిల్లతో నిలబడి ఉన్నారు. ఆవిడ మెట్ల మీద నుంచే కేకేశారు. "ఈ రోజు క్లినిక్ లేదు. వేరేచోటికి వెళ్లండి. లోపలికి రావద్దు!" పెరటి దారిన వెళ్లి తలంటు పోసుకుని, మేడమెట్లన్నీ తానే కడిగి, ఆ రోజంతా తలుపు తియ్యలేదు. నా కోసం గీత దాటారు, దాటినందుకు తలుపు మూసుకున్నారు.

బన్ను ఆ తరువాత చాలా ఏళ్లు బతికింది. ముగ్గు చెరిపేశాక కూడా ఆ మెట్టు దగ్గర ఆగి మా ముఖాలు చూసేది. రత్నకుమారి గారు పోయారు. ఆ ఇల్లూ లేదు.

స్టేషన్ మెట్ల మీద స్నేహితురాలు అంటోంది, "ఏదో ఇరుక్కుందే. అరటిపండు పెడదాం."

"పెట్టకండమ్మా," అన్నాను, దూరంగా నిలబడే. "ఏదీ ఇరుక్కోలేదు. మెడపట్టీ తీసెయ్యండి. ఆసుపత్రికి తీసుకెళ్లండి, కానీ లోపల కూర్చోకండి. దగ్గుతోందని బయట నుంచే చెప్పండి. వేరే కుక్కలుంటాయి."

ఆ అమ్మాయి భయంగా చూసింది. "మీరు డాక్టరా, ఆంటీ?"

"కాదమ్మా. పిరికిదాన్ని."

ఇంటికొచ్చి చెప్పులు మెట్ల దగ్గరే వదిలాను. నా అడుగుల చప్పుడు విని మా కుక్క లోపలి నుంచి తలుపు గీకుతోంది. "దాన్ని పట్టుకోండి, నా మీదికి వదలకండి," అని మా ఆయనకు కేకేసి, పెరటి దారిన బాత్రూమ్‌లోకి వెళ్లాను. అది అవతల కుంయి కుంయిమంటూ పిలుస్తూనే ఉంది. నేను మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూనే ఉన్నాను.