వాగవతలి కేక

గిదయ్ అత్త పోయి నాలుగేళ్లయింది. నీలి టోపీల వాళ్లు మా కొండ దిగి వెళ్లిపోయి అంతకన్నా చాలా ఏళ్లయింది. ఆ రోజులు ఇప్పటికీ తలుచుకుంటూనే ఉంటాను. జీతం బాగుండేదని కాదు లెండి. నన్ను అంత హక్కుగా తిట్టే మనిషి మళ్లీ దొరకలేదు.

శాంతిసేన శిబిరంలో నేను దుబాసీని. ఎరిత్రియా వైపు మా కొండమీద వాళ్ల గుడారాలు, కింద ఎండిన వాగు, అవతల ఇథియోపియా ఊరు. యుద్ధానికి ముందు ఆ వాగు దాటడానికి ఎవడి అనుమతీ అక్కర్లేదు. మేకలు దాటేవి, పెళ్లిళ్లు దాటేవి. అత్త తన కూతురు తెర్హాస్‌ని అలాగే అవతలికిచ్చింది. తర్వాత రెండు దేశాలూ ఈ నేల నాదంటే నాదని కొట్టుకుచచ్చాయి. వాగు నిండా మందుపాతరలు మిగిలాయి, మధ్యలో ఈ కెన్యా సైనికులొచ్చి కూర్చున్నారు. కూతురింటి పొయ్యి పొగ కనిపించేది గానీ కూతురు కనిపించేది కాదు.

అత్త పొద్దున్నే కొండెక్కి సైనికులకి రొట్టెలు అమ్మేది. కెప్టెన్ కిప్రోనోని చూస్తే ఆవిడకి జాలి.

"వీడి తల్లి వీడికి తిండి పెట్టలేదుట్రా? ఎముకలు బయటికొచ్చి పలకరిస్తున్నాయి!"

"ఏమంటోంది?" అనేవాడు కెప్టెన్.

"మీరు చల్లగా ఉండాలంటోంది సార్."

"దీవెనకి అంత కోపం దేనికయ్యా?" అని నవ్వేవాడు. తెలివైనవాడు, అన్నీ తెలిసేవి.

ఆ ఏడు చలికాలంలో రెడ్ క్రాస్ వాళ్ల చేతిమీదుగా తెర్హాస్ ఉత్తరం వచ్చింది. జనవరిలో మా టింకెత్ పండగ దాటాక నీళ్లాడతానని రాసింది. అత్త ఆ కాగితం పట్టుకుని కూలబడింది. తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు, తెర్హాసే చావు తప్పి బయటపడింది. అప్పుడు అత్త పక్కనుండి రాత్రీ పగలూ కాచుకుంది. ఇప్పుడు మధ్యలో వాగుంది.

మాలో కాన్పు సుఖంగా అయితే ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ సంబరం కేకలు పెడతారు. మగపిల్లాడికి ఏడు, ఆడపిల్లకి మూడు. కొండల మధ్య ఆ కేక చాలా దూరం పోతుంది.

"ఏడైనా మూడైనా నాకొకటే. ఒక్క కేక వినబడితే చాలు, నా బిడ్డ బతికినట్టే," అంది అత్త.

కానీ వినబడాలి కదా! శిబిరంలో జనరేటర్ పొద్దస్తమానం మోత.

"ఒరేయ్ తెక్లూ, ఆ దయ్యాన్ని ఆపమను."

"ఆపితే వాళ్ల రేడియో పనిచెయ్యదత్తా."

"ఏం వింటార్రా అందులో? నా కూతురి కాన్పుకన్నా పెద్ద కబురు వాళ్లకేముంది?"

ఈ మాట మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. కెప్టెన్ కాసేపు గడ్డం గోక్కుని, పొద్దున గంట, సాయంత్రం గంట బ్యాటరీల మీద నడుపుకుంటామన్నాడు. ఆ గంటల్లో వంటవాడు గరిటె పడేసినా అత్త వాడి వంశాన్ని మొత్తం కడిగేసేది.

పండగైన ఆరో రోజు పొద్దున్న అవతలనించి వినబడింది. కేక కాదు, ఏడుపు. ఒకరిద్దరిది కాదు, ఊరి ఆడవాళ్లందరిదీ. కెప్టెన్ బైనాక్యులర్స్ అత్త చేతికిచ్చాడు. బ్రహ్మజెముడు కంచె ఉన్న ఇల్లు తెర్హాస్‌ది. సరిగ్గా ఆ కంచె ముందు చావు పందిరి వేస్తున్నారు. నేనూ చూశాను. అత్త ఇంటికెళ్లి తల గొరిగించుకుంది. కడుపుశోకం వస్తే మాలో తల్లులు చేసే పని అది.

ఆ వారం రెండు పక్షాల సమావేశంలో కెప్టెన్ నిబంధనలు పక్కనబెట్టి తెర్హాస్ గురించి అడిగాడు. అవతలి అధికారి కాగితాలు సర్దుకుంటూ, "ఇది సైనిక సమావేశం. కాన్పుల సంగతులు మా దగ్గరుండవు," అన్నాడు. వాడి మాట అనువదిస్తుంటే నా నోరే చేదెక్కింది, పాడు ఉద్యోగం!

పన్నెండో రోజు అత్త మళ్లీ కొండెక్కింది. కూతురి పందిరి తీసేస్తారు, చివరిసారి కళ్లారా చూసుకుంటానంది. నేనూ, కెప్టెనూ అటూ ఇటూ నిలబడ్డాం. పందిరి గుంజలు పీకారు, గుడ్డ మడిచారు. అంతలో కేక!

"ఎవత్తే ఆ సిగ్గులేనిది, చావింటి ముందు!" అంది అత్త. రెండో కేక. మూడోది.

అత్త నా చెయ్యి పట్టుకుంది. "తెక్లూ... అది మా వియ్యపురాలి గొంతురా. ఆ గాడిద గొంతు లోకంలో ఇంకొకరికి లేదు."

అప్పుడు తట్టింది నాకు. చచ్చిపోయింది పక్కింటివాళ్లెవరో! వాళ్లకి చోటు చాలక పందిరి ఈ కంచె ముందు వేశారు. పక్కింట శోకముంటే పన్నెండు రోజులు ఎవరూ సంబరం కేక పెట్టకూడదు, బిడ్డ పుట్టినా సరే. ఈ కట్టుబాటు అత్తకి తెలీదా? మా ఊళ్లో ఎన్ని పెళ్లివారి నోళ్లు మూయించిందో! కూతురి దగ్గరికొచ్చేసరికి భయం బుద్ధిని మింగేసింది.

"ఆడపిల్లత్తా! మనవరాలు!" అని గంతేశాను.

అత్త కదల్లేదు. "బిడ్డ సంగతి సరేరా. కన్నది ఉందా?"

ఒక్క కేక చాలన్న మనిషికి ఇప్పుడు మూడూ చాల్లేదు.

అప్పుడు ఇంకో కేక వచ్చింది. సన్నగా, సగంలో విరిగి, మళ్లీ ఊపిరి తీసుకుని. కెప్టెన్ నాలుగు వేళ్లు చూపించి నా వంక ప్రశ్నగా చూశాడు. నేనూ తెల్లబోయాను. ఆడపిల్లకి మూడు, మగపిల్లాడికి ఏడు. నాలుగు ఎవరూ పెట్టరు.

అత్తకి తెలిసిపోయింది. గొరిగిన తలమీద నుంచి ముసుగు జారిపోతున్నా పట్టించుకోకుండా, వాగువైపు తిరిగి ఒకే ఒక్క కేక పెట్టింది. ఆ తర్వాత రాళ్లలోనే కూర్చుండిపోయింది. కళ్లమ్మట నీళ్లు ధారలు కడుతుంటే అవతలి గట్టుకేసి చెయ్యి ఊపుతూ తిట్టడం మొదలెట్టింది.

"పచ్చి బాలింత! ఈ చలిగాలికి గడప దాటొచ్చావుటే? చెవుల్లో దూదైనా పెట్టుకున్నావా లేదా, ఒసేయ్ పిచ్చిదానా!"