రెండు బిరడాలు

మా రేవులో గ్లెనిస్‌ని చూసి జంకని మగాడు లేడు. బడి క్యాంటీన్లో ముప్ఫయ్యేళ్లు పనిచేసిన మనిషి. ఈవేళ పెద్ద పెద్ద పడవలు నడుపుతూ మీసాలు తిప్పేవాళ్లంతా ఒకప్పుడు ఆమె కిటికీ ముందు వరుసలో నిలబడి ముక్కులు తుడుచుకున్నవాళ్లే. అలాంటి గ్లెనిస్ ఒక్క నెవిల్ మౌనానికి మాత్రం హడలిపోయేది.

నెవిల్ ఆమె మొగుడు. చక్కెర మిల్లులో ఫిట్టరు. రిటైరైన ఏడాది ఒక రొయ్యల పడవవాడి దగ్గర పాత జెట్ స్కీ, అదే నీళ్ల మీద పోయే స్కూటరు, కొన్నాడు. ఆదివారం వస్తే చాలు, గ్లెనిస్‌ని వెనక కూర్చోబెట్టుకుని నది మొగలో ఉన్న ఇసుక దిబ్బ దాకా పోయి, అక్కడ టీ తాగి వచ్చేవాడు. తర్వాత పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. మాట తిరిగొచ్చిందని డాక్టరమ్మ చెప్పింది. వచ్చిన మాటని నెవిల్ వాడితే కదా. వరండాలో కుర్చీ, ఎదురుగా చెరుకు తోట, పలకరిస్తే ఒక ‘ఊఁ’. మనిషి ఇంట్లోనే ఉన్నా మొగుడు ఎటో వెళ్లిపోయినట్టుండేది గ్లెనిస్‌కి. అతన్ని ఎలాగైనా వెనక్కి తెచ్చుకోవాలి. ఆమెకి వేరే కోరికేమీ లేదు.

వానలు వెనకపట్టాక ఒక ఉదయం ఆమె జెట్ స్కీని ట్రైలరుతో సహా ట్రక్కుకి తగిలించింది. నువ్వు దిగనక్కర్లేదు, ఊరికే కూర్చుని చూడు అని నెవిల్‌ని బతిమాలి ఎక్కించుకుంది. తను నడుపుతుంటే చూసి అతనికి మనసవుతుందేమోనని ఆశ.

బండి నీళ్లలోకి దిగింది, రయ్యిమంది, ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో తోక బరువెక్కింది. చూస్తుండగానే ముక్కొక్కటే పైన మిగిలింది. మొసళ్లున్న నదిలో మనిషి ఎంత చురుగ్గా ఒడ్డెక్కాలో గ్లెనిస్ అంత చురుగ్గానూ ఎక్కింది.

తప్పు చిన్నదే. లోపల చేరిన నీళ్లు కారిపోవాలని, బండి ట్రైలరు మీదున్నప్పుడు వెనక రెండు బిరడాలు తీసి ఉంచుతారు. దించేముందు మళ్లీ బిగించాలి. అది ఎప్పుడూ నెవిల్ పని. గ్లెనిస్ శాండ్‌విచ్‌లు సర్దుకునేలోగా అతను బిగించేసేవాడు. ఒకరు నోరెత్తకుండా చేసుకుపోయే పని రెండోవాళ్లకి కనపడదు. ఏ కాపురంలోనైనా అంతే.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న డారిల్ ఇలాంటి అవకాశం వదులుకుంటాడా.

“ఏం మిస్, సాస్ సీసాకి మూత పెట్టకపోతే మా చెవులు మెలేసేవాళ్లు. ఇప్పుడు మీ చెవి ఎవరు మెలెయ్యాలి?”

అంటూనే తాడు పట్టుకుని మోకాలి లోతుకి దిగాడు. ముక్కుకి ముడేసి లాగబోతుంటే ట్రక్కు కిటికీలోంచి ఒక గొంతు వినిపించింది.

“లాగకు.”

గ్లెనిస్ గిర్రున తిరిగింది.

“నిండా మునిగినదానికి చలేంటి? ఉండనీ. నీళ్లలో ఉన్నంతసేపూ దానికేం కాదు. పైకి తీస్తే గాలి తగుల్తుంది, అప్పుడు ఉప్పు తినేస్తుంది. ముందు సామాను తెచ్చుకోండి.”

అంత పొడుగు మాట అతని నోట విని గ్లెనిస్ ట్రక్కు వైపు రెండడుగులు వేసింది. కానీ నెవిల్ మళ్లీ మొహం తిప్పేసుకున్నాడు. నా వల్ల కాదు, మెకానిక్కుని పిలవమన్నాడు. వాడు వచ్చే వారందాకా రాడని, తనకి రెండు చేతులూ ఉన్నాయని, ఏం చెయ్యాలో చెప్తే చాలని ఆమె అంది.

డారిల్ తాడుని రేవు స్తంభానికి కట్టాడు. గ్లెనిస్ ఇంటికెళ్లి కొత్త ఆయిలు, పానాలు, చేతి పంపు తెచ్చింది. అప్పుడు బండిని పైకి లాగారు. నెవిల్ దిగి, పని చెయ్యని చెయ్యి జేబులో పెట్టుకుని, డారిల్ ఐస్ పెట్టె మీద కూర్చున్నాడు. బ్యాటరీ తీగ విప్పించాడు, నీళ్లు కార్పించాడు, స్పార్క్ ప్లగ్గులు తీయించాడు. తీగ మళ్లీ తగిలించి ఇంజిన్ తిప్పితే ప్లగ్గుల రంధ్రాల్లోంచి నది చిమ్మింది. పాలెక్కువైన టీలా మారిన ఆయిల్ని ఆమె తోడి పారబోసింది, కొత్తది పోసింది, అదీ తెల్లబడితే మళ్లీ తోడి, ఇంకోసారి పోసి, ప్లగ్గులు బిగించింది. చేతులు ఆమెవి, చదువు అతనిది. అయిపోయినట్టేగా అని డారిల్ అంటే, ఇల్లలకగానే పండగ కాదన్నాడు నెవిల్.

నిజమే. ఇంజిన్లో ఉప్పు కడగడానికీ, అది వేడెక్కకుండా ఉండటానికీ రేవులోని మంచినీళ్ల కుళాయి నుంచి బండికి గొట్టం తగిలించారు. ఇక ఒక మనిషి స్టార్టు బటన్ నొక్కాలి, ఇంకొకరు కుళాయి దగ్గర నిలబడాలి. ముందు ఇంజిన్, వెంటనే నీళ్లు. అది తారుమారైతే ఇంజిన్ మళ్లీ మునుగుతుంది. బటన్ తను నొక్కుతానని డారిల్ ముందుకొచ్చాడు. నీ వల చూసుకో నాయనా అని గ్లెనిస్ పంపించేసి, వెళ్లి కుళాయి మీద చెయ్యేసింది.

“నేనిక్కడున్నాను, నెవ్. ఆ బటన్ ఎడమ పక్కనుంటుంది.”

నెవిల్ పెట్టె మీంచి లేవలేదు. ఆమె కుళాయి దగ్గర్నుంచి కదల్లేదు. చివరికి అతను లేచాడు. ఎడమ బొటనవేలు పెట్టి నొక్కాడు. బండి దగ్గింది, ఆగింది. మళ్లీ నొక్కాడు. ఈసారి తెల్లటి పొగ కక్కి, గొంతు సవరించుకుని, గట్టిగా అందుకుంది. నెవిల్ మొహంలోకి కళ వచ్చింది. ఆ మొహాన్నే చూస్తూ గ్లెనిస్ కుళాయి సంగతి మరిచిపోయింది.

“నీళ్లు విప్పవే, మొద్దు మొహమా. ఇంజిన్ కాలిపోతోంది. మొగుణ్ణెప్పుడూ చూళ్లేదా?”

“చూసి చాన్నాళ్లయింది,” అంటూ గ్లెనిస్ కుళాయి విప్పింది.