సైరన్ ఉన్న పాట

ఇంగ్లీషు రాక్ పాటల విషయంలో మా ఇనుప గనుల ఊరు కిరందుల్‌లో ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఒకప్పుడు నా దగ్గరికే వచ్చేవారు. నా దగ్గరున్నవి పన్నెండు కేసెట్లు. మాట్లాడేది మాత్రం లండన్‌లో పుట్టి పెరిగినవాడిలా మాట్లాడేవాణ్ని. అడిగేవాళ్లకు ఆ పన్నెండు కూడా తెలియవు కాబట్టి నా పెద్దరికానికి ఢోకా ఉండేది కాదు.

ఆ పెద్దరికమంతా ఒక్క పాట మీద నిలబడింది. గని పని మీద వచ్చిన ఒక ఇంజినీరు దగ్గర ఆ కేసెట్ ఉందని తెలిసి, బతిమాలి ఒక్క పూటకు తెచ్చుకున్నాను. ఆయన విశాఖ రైలెక్కేలోగా తిరిగి ఇచ్చేయాలి. క్వార్టర్ తలుపులు, కిటికీలు బిగించి, ఫ్యాను ఆపి, ఒకటి పాడుతుంటే రెండోది రికార్డు చేసుకునేలా రెండు టేపురికార్డర్లు ఎదురెదురుగా పెట్టాను. వంటింట్లో గిన్నె కూడా కదపొద్దని మా ఆవిడతో చెప్పాను.

"ఊపిరి పీల్చుకోవచ్చా?" అంది.

పాట మంచి ఊపులో ఉంది. తక్కినవన్నీ ఆగి గిటారు ఒక్కటే ఏడుస్తున్న చోట, కొండ మీద రాళ్లు పేల్చే ముందు కొట్టే బ్లాస్టింగ్ సైరన్ మోగింది. తలుపులు మూస్తే ఆగే మోతా అది! పోనీ సవ్యంగానైనా మోగిందా అంటే అదీ లేదు. సగంలో ఠక్కున ఆగి, మళ్లీ లేచింది. ఇంకోసారి రికార్డు చేద్దామంటే టైము లేదు.

మొదటిసారి వినిపించినప్పుడు, "ఆ కూత ఏమిటి గురువుగారూ?" అని ఎవరో అడిగారు. తప్పు ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. "పాటలోదే. యుద్ధం వస్తోందని సైరన్. మధ్యలో అలా ఆపడం ఉంది చూశారూ, అదీ అసలు కళ" అన్నాను. నా కేసెట్ నుంచి కాపీలు, కాపీల నుంచి కాపీలు తీసుకుని పక్క ఊరు బచేలి దాకా విన్నారు. రోజూ చెవులు చిల్లులు పడేలా అదే సైరన్ వినేవాళ్లు, ఇంగ్లీషు పాటలో వచ్చేసరికి ఒక్కరూ గుర్తుపట్టలేదు. ఎప్పటికైనా పరువు పోతుందని నాకు మాత్రం లోపల బెంగగానే ఉండేది.

అందరిలోకీ నా మిత్రుడొకడికి ఆ పాటంటే పిచ్చి. తెలంగాణ సరిహద్దులో కుంట ఊరి వైపు పల్లె నుంచి వచ్చి బ్లాస్టింగ్ సెక్షన్‌లో చేరినవాడు. వరస ఏమీ లేకపోయినా బావా అని పిలుచుకునేవాళ్లం. సైరన్ రాగానే కళ్లు మూసుకునేవాడు. అయిపోగానే, "మళ్ల పెట్టు బావా" అనేవాడు. నా ఉపన్యాసం అతని తలకు బాగా ఎక్కిందని మురిసిపోయేవాణ్ని.

పోయిన నెల అతను రిటైరయ్యాడు. కమ్యూనిటీ హాల్లో భోజనాల వేళ, ఆ పాట వినాలన్నాడు. కేసెట్ ఎప్పుడో బూజు పట్టిపోయింది. మా అమ్మాయి నిమిషంలో ఫోన్లో వెతికి స్పీకరుకు తగిలించింది. "నెట్‌లో అన్నీ నకిలీలేనమ్మా" అన్నాను. నా మాట ఎవరు వింటారు!

గిటారు ఏడుపు మొదలైంది. హాలంతా చేతులు కడుక్కోవడం కూడా మానేసి ఎదురుచూసింది. గిటారు ఎంచక్కా ఏడ్చి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. సైరన్ రాలేదు.

"అరే, సైరన్ కహాఁ గయా?" అన్నాడు ఫోర్‌మన్. అందరూ నా వైపు తిరిగారు. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు నా మిత్రుడు లేచాడు. మెడలో బంతిపూల దండతోనే నోటికి చేతులు అడ్డం పెట్టి, సైరన్ కూత అందుకున్నాడు. సగంలో ఠక్కున ఆపి, మళ్లీ లేపాడు. పాతవాళ్లంతా గొంతు కలిపారు. నన్ను చూసేవాళ్లే లేరు.

ఈలల మధ్య వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇక దాచలేక, "బావా, ఆ సైరన్ పాటలోది కాదు" అన్నాను.

"నాకెరుకనే బావా. ఆ దినం సైరన్ కొట్టింది నేనే. బ్లాస్టింగ్ జాగలకు ఆవు జొరబడ్డదని నడుమ ఆపిన. దాన్ని ఎళ్లగొట్టినంక మళ్ల కొట్టిన. నీ కేసెట్ల విన్న తొలినాడే గుర్తుపట్టిన."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"ఏంది చెప్పేది? అదే అసలు కళ అంటివి. నా పనిని అట్ల మెచ్చుకున్నోడు, జిందగీల నువ్వు ఒక్కనివే."