గోల్‌కీపర్ డ్యూటీకి పోయిన ఫైనల్

మా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా గని హాకీ జట్టు ఆడుతుందంటే, ముందు నీళ్ల ట్యాంకర్ వచ్చి గ్రౌండంతా తడిపేది... బొగ్గు దుమ్ము అణగడానికి. తడిసిన నల్ల నేల మీద తెల్ల బంతి ఎంత దూరం నుంచైనా కనిపించేది.

కాన్వెంట్‌లో నేను నోరు విప్పని పిల్లను. హాజరు పలకడానికి కూడా సిగ్గే. గ్రౌండ్ గట్టు మీద మాత్రం గొంతు పోయేదాకా అరిచేదాన్ని. మా బాపు గోల్‌కీపర్. అందుకు మాత్రమే కాదు... ఆ జట్టులో ఎవరి స్టిక్‌కు ఏ రంగు టేపు చుట్టి ఉంటుందో కూడా నాకు తెలుసు. గనిలో కేబుళ్లకు చుట్టే టేపే అది.

ఆ ఏడు మొదటిసారి ఫైనల్‌కు వచ్చాం. ఎదుట బొగ్గు కంపెనీ ఆఫీసు జట్టు. ఆట ఉన్న రోజు వాళ్లకు ఆటే డ్యూటీ. మావాళ్లలో బాపుతో కలిపి ముగ్గురికి ఆ వారం రెండో షిఫ్టు. అడిగినా మార్చలేదు. సరే, ఆట భోజనాల వేళకే పెట్టారు కదా, షిఫ్టు సైరన్ లోపు అయిపోతుందనుకున్నాం.

అయిపోయేదే... ముఖ్య అతిథి వేళకు వచ్చి ఉంటే.

ఒక పెద్ద సారు వచ్చి బంతిని తాకితే తప్ప ఆట మొదలు కాదట. రెండు జట్లనూ ఎండలో వరసగా నిలబెట్టారు. బాపు కాళ్లకు ప్యాడ్లతోనే నిలబడ్డాడు. తడిపిన నేల ఆరిపోయి మళ్లీ దుమ్ము లేచింది.

"సారు కారు పంక్చరైందా, కడుపునిండ తిని పండుకున్నడా?" అంది మా పక్కింటి రాజవ్వ. గట్టంతా నవ్వింది.

వచ్చాక దండలు, శాలువాలు, ఉపన్యాసం... క్రమశిక్షణ గురించి!

సైరన్ కూసేసరికి రెండో సగం నడుస్తోంది. మావి రెండు గోల్స్, వాళ్లది ఒకటి. బాపు గోల్ ముందే ప్యాడ్లు విప్పడం మొదలుపెట్టాడు.

"బాపూ, పోకు!" అని అరిచాను.

"మస్టర్ పోతది బిడ్డా. ఆలిశమైతే లోపటికి దిగనియ్యరు."

హాజరు పడకపోతే ఆ రోజు పని చేయనట్టే. ముగ్గురూ వెళ్లిపోయారు. బదులు దిగడానికి మాకు ఒక్కడే ఉన్నాడు. బాపు ప్యాడ్లు సమ్మన్న కాక కట్టుకున్నాడు. గోల్స్ కొట్టే మనిషి, ఆపడం ఎప్పుడూ చేయలేదు.

ఆఫీసు వైపు నుంచి ఎవడో అరిచాడు: "కీపర్ గనిలకు దిగిండు, ఇగ గోల్ ఎవలాపుతరు?"

రాజవ్వ లేచింది. "మీ సారు టైముకొస్తే గీపాటికి కప్పు మా చేతుల ఉండేది. నోర్ముయ్యిరా!"

మూడు-రెండుతో ఓడిపోయాం. కప్పు అందిస్తూ ఆ సారే చెప్పాడు, గెలుపోటములను సమానంగా తీసుకోవాలని. నేను చప్పట్లు కొట్టలేదు.

మర్నాడు పొద్దున బాపు నన్ను అడిగాడు, "ఎంతకు ఓడినం బిడ్డా?"

ఎవరు గెలిచారని అడగలేదు... గనిలోకి దిగుతున్నప్పుడే ఆయనకు తెలుసు.

మొన్న మా ఊరి ఫేస్‌బుక్ పేజీలో ఎవరో ఆ రోజు ఫొటో పెట్టారు. ఆఫీసు జట్టు, కప్పు, నడుమ ఆ సారు. పైన 'అప్పటి ఆటలో ఎంత నిజాయితీ!' అని రాశారు. కింద దండాలు, గుండె గుర్తులు. ఆయన ఆలస్యానికి మావాళ్లు ఓడిపోతే, అది నిజాయితీయా?

ఆ గని మూసేశారు. జట్టు లేదు. గ్రౌండ్‌లో ఇప్పుడు లారీలు ఆగుతున్నాయి. ఏ టీమ్ అభిమానివి అని నేనుండే హాస్టల్లో ఎవరైనా అడిగితే ఇప్పటికీ మా గని జట్టు అనే అంటాను. అదెక్కడిది అని నవ్వుతారు. నవ్వనీ...

మీ ఊళ్లోనూ ఇలాంటి జట్టొకటి ఉండే ఉంటుంది. దాన్ని ఎవరు ఓడించారో కింద రాయండి. 'ఆ రోజులే వేరు' అని మాత్రం రాయకండి.