బావ బండి అద్దానికి పల్లినూనె

బండి అద్దం బిగించడానికి మనిషికి ఎంత తెలివి కావాలో నాకు ఇప్పటికీ తెలియదు. బిగించిన అద్దం ఊడి గాల్లోకి లేవడానికి ఎంత తెలివి కావాలో మాత్రం చెప్పగలను. ఆ రోజుల్లో నా దగ్గర ఉన్నంత సరిపోతుంది. మీలో ఎవరికైనా పాత బండి ఉంటే బయటికి వెళ్లి దాన్ని ఒకసారి ప్రేమగా చూసుకుని వచ్చి, ఆ తర్వాత చదవండి.

మెదక్‌లో మా అక్క ఇల్లు. బావ నర్సింలు కూరగాయలు పండించి, తన పాత పికప్ బండిలో మార్కెట్‌కు తోలే రైతు. ఆ బండి ఒకప్పుడు తెల్లగా ఉండేదట. డ్రైవర్ వైపు డోర్ మెల్లగా వేస్తే పడేది కాదు. మా బావ ఏదీ మెల్లగా వేసే మనిషి కాదు. కిందికి దిగి, డోర్‌ను చివరిదాకా తెరిచి, కల్లంలో పడ్డ ఆంబోతును తరిమినట్టు విసిరేవాడు. ధడ్! గోడ మీది పిట్టలు లేచేవి. పక్కింటి పసిపిల్ల ఏడుపు అందుకునేది. వంటింట్లో అక్క పొయ్యి మీద చాయ్ గిన్నె పెట్టేది. ఆ ఇంటికి వేరే కాలింగ్ బెల్ అక్కరలేదు.

"ఏమయ్యా, అది డోరా, నీకు పగోడా? జర మెల్లగ వెయ్యరాదు?" అనేది అక్క.

"మెల్లగ వేస్తె అది ఇనదే."

"ఒకనాడు అద్దాలన్ని ఊడిపడ్తయి చూడు."

"పడ్డనాడు చూస్త తియ్."

ఈ సంభాషణ ఆ ఇంట్లో రోజూ చాయ్‌తో పాటే మరిగేది.

నేనప్పుడు ఒక దినపత్రికకు మెదక్ నుంచి వార్తలు రాసేవాణ్ని. ఆదివారం పేజీలో బండ్ల రిపేర్ల మీద ఒక శీర్షిక కూడా నాదే. స్పానర్‌ను ఎటువైపు పట్టుకోవాలో తెలియని నేను, ఇంగ్లిష్ పత్రికలు ముందు పెట్టుకుని, ఇంజన్ ఎలా విప్పాలో జనానికి ధైర్యంగా చెప్పేవాణ్ని. పాఠకులు నా మాట విని ఎన్ని ఇంజన్లు విప్పారో, వాటిలో ఎన్ని మళ్లీ బిగిశాయో దేవుడికే తెలియాలి.

నేను కిరాయి ఇల్లు మారాల్సి వచ్చింది. బావ చుట్టాల పెళ్లికని బస్సులో నిజాంపేట పోతున్నాడు. బండి ఊరికే ఉంటుంది కదా అని అడిగాను. బావ తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. బండిని ఆయన ఎవరికీ ఇవ్వడు.

అప్పుడు అక్క కల్పించుకుంది. "నా తమ్ముడు గాదు? మస్తు పైలంగ చూసుకుంటడు. ఏమన్నయితె నన్నడుగు."

బావ తాళం చెవి తీసి అక్క చేతిలో పెట్టాడు. నా చేతిలో కాదు. మీరు ఇది గమనించాలి.

సామాను ఎక్కించాను. ఇనుప మంచాన్ని తాడుతో కట్టాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించి, అంత బరువున్నది ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. చర్చి దగ్గర మేకల మంద అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. మేకలు ఆగాయి. బండి ఆగింది. మంచం ఆగలేదు. అది సీటు వెనక అద్దంలోంచి ఒక కాలు లోపలికి పెట్టి, పాత స్నేహితుడిలా నా భుజం తట్టింది. అద్దమంతా పటికబెల్లం పలుకులై సీటు నిండా రాలింది.

బండి ఇంటికి తెచ్చేసరికి అక్క వాకిట్లోనే ఉంది. చూసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"అక్కా, బావ బాగ తిడ్తడా?"

"తిడితె మంచిదే తమ్మీ. ఆయన ఒక్క మాట గూడ అనడు. ఇగ నా మాట మీద మాత్రం ఎవ్వలకు ఏదీ ఇయ్యడు. నేనేం చెప్పినా చెవుల పెట్టుకోడు."

ఆ మాటకు నాకు మంచం తగిలిన చోటు కంటే లోపలెక్కడో ఎక్కువ నొప్పి పుట్టింది. బావ మర్నాడు సాయంత్రానికి వస్తాడు. అద్దాలు బిగించే మనిషేమో ఇంటిల్లిపాదితో ఏడుపాయల అమ్మవారి మొక్కుకు పోయాడు. ఎల్లుండి గానీ రాడు.

"ఎందుకు రంధి? నేనే బిగిస్త" అన్నాను.

"నీకొస్తదా?"

"పోయిన వారమే రాసిన గదా!"

మర్నాడు పొద్దున్నే తూప్రాన్ వెళ్లి, పాత బండ్ల సామాను దుకాణంలో ఆ కొలతకు సరిపోయే అద్దాన్నీ, దాని చుట్టూ వేసే రబ్బరునూ కొన్నాను. దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మధ్యలో దుప్పటి జారితే పక్క సీటు అవ్వ ఆ అద్దంలో చూసుకుని బొట్టు సరిచేసుకుంది. "మొకం సక్కగ కనవడ్తలేదు కొడుకా, వాపసిచ్చెయ్" అని సలహా కూడా ఇచ్చింది.

పని చెప్పుకోవడానికి చాలా సులువు. అద్దం అంచుకు చుట్టూ రబ్బరు తొడగాలి. రబ్బరుకు ఉన్న గాడిలో సన్నటి తాడు పెట్టి, రెండు కొసలూ క్యాబిన్ లోపలికి వదలాలి. బయటి నుంచి ఒకరు అద్దాన్ని నొక్కుతుంటే, లోపలి నుంచి ఇంకొకరు తాడు లాగాలి. తాడు వస్తున్నకొద్దీ రబ్బరు పెదవి బండి ఇనుప అంచు మీదికెక్కి కూర్చుంటుంది. రబ్బరు సులువుగా జారడానికి సబ్బునీళ్లు రాయాలి.

అక్కను లోపల కూర్చోబెట్టాను. తాడు లాగుతుంటే రబ్బరు మొరాయించింది.

"అక్కా, ఇంట్ల పల్లినూనె ఉన్నదా?"

"నువ్వు రాసిన దాంట్ల సబ్బునీళ్లని ఉండె గదరా. నేను సదివిన."

"అది చలిదేశపోళ్లు రాసిందక్కా. పల్లినూనె సంగతి వాళ్లకేమెరుక? సబ్బు కన్న నూనె మంచిగ జారదా?"

అక్క ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. కానీ పత్రికలో పేరు పడే తమ్ముడాయె. నూనె డబ్బా తెచ్చింది.

ఏం జారింది అనుకున్నారు! రబ్బరు జారింది, అద్దం జారింది, తాడు జారింది, నా చెప్పులు కూడా జారాయి. ఒక మూల పెదవి లోపలికే ముడుచుకుని ఉంటే దానికి ఇంకో గరిటెడు నూనె పట్టించి, చెంచా కాడతో నొక్కాను. అద్దం కూర్చుంది. చేత్తో తడితే కదల్లేదు. కుస్తీ గెలిచిన పహిల్వాన్‌లా మెరుస్తున్నాను. ఒంటినిండా నూనె కూడా అలాగే ఉంది.

సాయంత్రం బావ పెళ్లి లడ్డూల సంచీతో దిగాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. లోపల కూర్చుని ముక్కు ఎగబీల్చాడు.

"ఏందే, బండిల పూరీలు గిట్ల చేసిన్రా?"

"పెండ్లిల తిన్న పూరీల వాసన ఇంక నీ ముక్కుల్నే ఉన్నది" అంది అక్క గుమ్మంలోంచి.

బావ తలూపి, బండిని నీడలోకి తీసి పెట్టాడు. రెండు వైపులా అద్దాలు పైదాకా ఎక్కించాడు. దిగాడు. డోర్‌ను చివరిదాకా తెరిచాడు. అక్క నన్ను చూసింది. నేను అక్కను చూశాను.

"బావా, జర మెల్ల..."

ధడ్!

క్యాబిన్‌లోని గాలికి పోవడానికి దారి లేదు. దారి ఎక్కడ వదులుగా ఉందో దానికి బాగా తెలుసు. అద్దం, రబ్బరుతో సహా, చేతిలోంచి జారిన స్నానం సబ్బులా ఎగిరి వెనక తొట్టిలోని ఖాళీ గోనెసంచుల మీద వెల్లకిలా పడుకుంది. పగలలేదు. హాయిగా ఆకాశం చూస్తోంది.

పిట్టలు కూడా కాసేపు లేవడం మరిచాయి. ముందుగా తేరుకున్నది అక్క.

"చూసినవా! ఎన్నేండ్ల నుంచి మొత్తుకుంటున్న, ఇన్నవా? ఊడింది చూడు అద్దం!"

బావ డోర్ వైపు, అద్దం వైపు, తన చేతి వైపు చూసుకున్నాడు. తర్వాత, నేనెన్నడూ వినని గొంతుతో అన్నాడు: "అవునే. నువ్వు చెప్తనే ఉంటివి."

నేను లడ్డూ నోట్లో కుక్కుకున్నాను. నోరు ఖాళీగా ఉంటే నిజం బయటపడేది.

అద్దాల మనిషి ఏడుపాయల నుంచి తిరిగొచ్చి, సబ్బునీళ్లతో దాన్ని చక్కగా బిగించాడు. ఆ రోజు నుంచి బావ డోర్‌ను అరచేత్తో ఆనించి, తుంటితో నెట్టి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు వేయసాగాడు. దాంతో ఆయన ఎప్పుడొచ్చేదీ ఎవరికీ తెలిసేది కాదు. పిట్టలు లేవవు, చాయ్ రాదు. అక్క ఏదో పని మీద బయటికొస్తే అరుగు మీద కూర్చుని ఉండేవాడు. "వచ్చి ఎంతసేపాయె?" అంటే, "ఇప్పుడే" అనేవాడు. ఏళ్ల తరబడి ఆయన చాయ్ ఆలస్యం కావడానికి కారణం నేనే. చూసినప్పుడల్లా చెప్పేద్దామనుకోవడం, అక్క ముఖం చూసి ఊరుకోవడం.

పోయిన నెల బావ ఆ బండి అమ్మేశాడు. కొన్న రైతు వచ్చి తోలుకుపోయే రోజున నన్నూ రమ్మన్నాడు. ఆ రైతు వచ్చేలోపు ఇద్దరం వాకిట్లో బండి పక్కన నిలబడ్డాం. బావ తల బండి పాత రంగుకు వచ్చింది, బండి మాత్రం రాలేదు.

"బామ్మర్దీ, ఒక్క మాట అడుగుత. అద్దానికి పల్లినూనె వెయ్యుమని మీ పేపర్ల రాసిందెవడు?"

నా కాళ్ల కింద ఇన్నేళ్ల తర్వాత మళ్లీ నూనె పోసినట్టయింది.

"నీకెప్పుడెరుకైంది బావా?"

"అద్దం ఎత్తి పెట్టినంక నా చేతులు చూసుకోలేదనుకున్నవా? సబ్బుతోని రెండుసార్లు కడిగితె గూడ ఆ జిడ్డు పోలె."

"మరి ఎందుకడగలే?"

"ఆనాడు మీ అక్క మొకం చూసినవా నువ్వు? లగ్గమైన కాడి నుంచి ఆమె మాట గెలిచింది గా ఒక్కనాడే. అది గూడ గుంజుకొమ్మంటవా?"

బావ డ్రైవర్ వైపుకు నడిచి, "ఇగ ఇదే ఆఖరు" అని డోర్‌ను చివరిదాకా తెరిచాడు.

ధడ్!

పిట్టలు లేచాయి. సబ్బునీళ్ల అద్దం ఇసుమంత కదల్లేదు. వంటింట్లోంచి అక్క కేక వేసింది, ఆ చప్పుడు నిన్నటిదాకా రోజూ విన్నట్టే.

"వచ్చినవా? చాయ్ పెడ్తున్నా!"

బావ తలవంచుకుని తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. చెమటేనని నేను నమ్ముతున్నాను.

చాయ్ వచ్చింది. నేను ఇకపై గాజుతో చేసిన ఏ వస్తువు జోలికీ పోననీ, పల్లినూనెను పూరీలకు తప్ప వాడననీ, గాజు గ్లాసును నెత్తి దాకా ఎత్తి ఒట్టు వేశాను. బావ నా చేతిలోంచి ఆ గ్లాసు మెల్లగా తీసుకుని, దూరంగా అరుగు మీద పెట్టాడు.